రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్‌లో పరిశోధన: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం జేఎన్‌టీయూ, రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల... ఎక్కడివాళ్ళైనా సరే, ఎం.టెక్ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో తేల్చుకునే విద్య, ఇకపై ఆర్‌ఈ) తీసుకుందామనుకునేవాళ్ళు అడిగే సందేహాలు ఏటా దాదాపు అవే. అందుకే ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను, మీకు కావాల్సినదానికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## దిగే ముందు

ఆర్‌ఈ అంటే ఎస్‌ఆర్‌ఎస్ (సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ స్పెసిఫికేషన్, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసే పత్రం) రాయడమే కదా, అందులో రీసెర్చ్ చేయడానికి ఏముంది?

ఎస్‌ఆర్‌ఎస్ అనేది చివర్లో మిగిలే కాగితం. అసలు పని అంతకు ముందే ఉంది: ఎవరికి ఏం కావాలి, అది జరగాలంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి, సాఫ్ట్‌వేర్ చేతిలో లేని విషయాలు ఏమేం నిజమై ఉండాలి.

ఉద్దానంలో ఒక డయాలసిస్ సెంటర్‌కి యాప్ చేస్తున్నారనుకోండి. మెషీన్ పాడై షిఫ్ట్ మారితే పేషెంట్ మారిన టైముకి రావాలి, ఇదీ కావాల్సింది. అందుకు స్పెసిఫికేషన్‌లో "రిజిస్టరైన నంబరుకి వెంటనే మెసేజ్ వెళ్ళాలి" అని రాశారు. మెసేజ్ వెళ్తుంది, టెస్ట్ కేసు పాసవుతుంది. తీరా చూస్తే ఆ నంబరు చెన్నైకి పనికి వెళ్ళిన కొడుకుది. అతను డ్యూటీలో ఉండి చూసుకోడు, ఇక్కడ అమ్మ పాత టైముకే ఆటో ఎక్కి వచ్చి కూర్చుంటుంది. కోడ్‌లో తప్పు లేదు, రాసుకున్న రిక్వైర్‌మెంట్ నెరవేరింది కూడా. ఎవరూ రాయనిది ఒక్కటే, ఆ ఫోను పేషెంట్ ఇంట్లోనే ఉంటుందన్న ఊహ. సాఫ్ట్‌వేర్ పరిశోధకులు పమేలా జేవ్, మైకేల్ జాక్సన్ 1997లో రాసిన పేపర్ సారం ఇదే: స్పెసిఫికేషన్‌తో పాటు బయటి ప్రపంచం గురించి మనకి తెలిసినది కూడా కలిస్తేనే రిక్వైర్‌మెంట్ నెరవేరుతుంది. ఆ "తెలిసినది" ఎలా పట్టుకోవాలి, అది మారిపోతే ఎలా కనిపెట్టాలి అన్నది ఇప్పటికీ తేలని పరిశోధన సమస్య.

ఇది పాతబడిపోయిన సబ్జెక్ట్ అంటున్నారు, అజైల్ (చిన్న చిన్న విడతల్లో సాఫ్ట్‌వేర్ కట్టే పద్ధతి) వచ్చాక ఎవరైనా చేస్తున్నారా?

చేస్తున్నారు. ఈ రంగానికి సొంత వేదిక 1993లో సాన్ డియాగోలో మొదలైంది, 1994లో ఇంకో కాన్ఫరెన్స్ వచ్చింది, 2002లో రెండూ కలిసి ఇప్పుడు ఏటా జరిగే ఐట్రిపులీ ఆర్‌ఈ కాన్ఫరెన్స్ అయ్యాయి. 2007లో అది న్యూఢిల్లీలో జరిగింది. యూరప్‌లో రెఫ్‌స్క్ అనే కాన్ఫరెన్స్ 1994 నుంచి నడుస్తోంది, రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ జర్నల్ 1996 నుంచి వస్తోంది.

అజైల్ వల్ల పోయింది లావుపాటి డాక్యుమెంటే. యూజర్ స్టోరీ (వాడేవాడికి ఏం కావాలో చెప్పే ఒకటి రెండు వాక్యాలు) రాసుకుని రెండు వారాల స్ప్రింట్లో (పని విడతలో) పరిగెత్తేటప్పుడు భద్రత, వేగం, ప్రైవసీ లాంటి క్వాలిటీ రిక్వైర్‌మెంట్స్ ఎవరి బ్యాక్‌లాగ్‌లోనూ (చేయాల్సిన పనుల జాబితాలోనూ) పడకుండా జారిపోతాయి. వాటిని ఎలా పట్టుకోవాలన్న దాని మీదే బోలెడంత పని నడుస్తోంది.

చాట్‌జీపీటీయే యూజర్ స్టోరీలు రాసేస్తోంది, ఇంకా ఈ ఫీల్డ్‌కి భవిష్యత్తు ఉందా?

ఈ మధ్య అందరూ మొదట అడిగేది ఇదే, దీని గురించే ఎక్కువ టెన్షన్ పడుతున్నారు. నా ఉద్దేశం సూటిగా చెప్తాను. రాయడం తేలికైంది, తెలుసుకోవడం తేలిక కాలేదు.

చాట్‌జీపీటీ లాంటి పెద్ద భాషా నమూనాకి "డయాలసిస్ సెంటర్ యాప్‌కి రిక్వైర్‌మెంట్స్ ఇవ్వు" అంటే చూడముచ్చటైన జాబితా ఇస్తుంది. అది ఎక్కడి సెంటర్‌కైనా సరిపోయేలా ఉంటుంది, మీ సెంటర్‌లో ఆరా తీయాల్సిన సంగతి అందులో ఉండకపోవచ్చు. పైగా వాక్యం అందంగా ఉండేసరికి చదివేవాడు ప్రశ్నించడం మానేస్తాడు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1987లోనే అన్నాడు, సాఫ్ట్‌వేర్ కట్టడంలో అన్నిటికంటే కష్టమైనది ఏం కట్టాలో కచ్చితంగా తేల్చుకోవడమేనని. కోడ్ రాసే పని యంత్రాలకి పోయేకొద్దీ ఆ కష్టం ఇంకా ముందుకొస్తుంది, ఎందుకంటే మనిషి చేతిలో మిగిలేది ఏం కావాలో చెప్పడం, వచ్చింది అదేనా కాదా చూడటం.

కాబట్టి ఇక్కడ అడగాల్సిన పరిశోధన ప్రశ్నలు ఇలా ఉంటాయి: నమూనా ఇచ్చిన రిక్వైర్‌మెంట్‌కి ఆధారం ఏ స్టేక్‌హోల్డర్ (ఆ వ్యవస్థతో సంబంధమున్న మనిషి) మాటలో ఉంది? ఇంటర్వ్యూ రికార్డులో లేనిదాన్ని అది కల్పించిందని ఎలా పట్టుకోవాలి? ఇంటర్వ్యూ చేసే కొత్తవాళ్ళకి శిక్షణ ఇవ్వడానికి దాన్ని వాడొచ్చా? "నేను ఫలానా మోడల్‌కి ప్రాంప్ట్ ఇచ్చాను, బాగా వచ్చింది" అన్న పేపర్‌కి మాత్రం ఆయుష్షు తక్కువ. ఆర్నెల్లకి మోడల్ మారిపోతుంది, మీ ఫలితం ఎవరికీ పనికిరాదు.

కోడింగ్‌లో నేను అంత గట్టి కాదు, పర్లేదా?

పర్లేదు. పైథాన్ కాస్త వచ్చి, స్టాటిస్టిక్స్ అంటే భయం లేకపోతే చాలు. దానికంటే ముఖ్యం మనుషులతో కూర్చుని ఓపిగ్గా వినడం, విన్నది రాసుకోవడం.

## టాపిక్ ఎంచుకునేటప్పుడు

ప్రామిస్ డేటాసెట్ మీద ఫంక్షనల్, నాన్ ఫంక్షనల్ క్లాసిఫికేషన్ చేద్దామనుకుంటున్నాను, సరిపోతుందా?

నేర్చుకోవడానికి సరిపోతుంది, పీహెచ్‌డీకి సరిపోదు.

ఆ డేటాసెట్‌లో ఉన్నవి 15 ప్రాజెక్టుల నుంచి తీసిన 625 రిక్వైర్‌మెంట్ వాక్యాలు. అందులో 255 ఫంక్షనల్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పేవి), 370 నాన్ ఫంక్షనల్ (వేగం, భద్రత లాంటి గుణాలు చెప్పేవి). అవి అమెరికాలో డీపాల్ యూనివర్సిటీ విద్యార్థులు కోర్సులో భాగంగా రాసినవి, నిజమైన కస్టమర్ కోసం రాసినవి కావు. దాదాపు ఇరవై ఏళ్ళుగా ప్రపంచమంతా వాటినే అరగదీస్తోంది. 2020లో నార్‌బెర్ట్ అనే పని బెర్ట్ అనే భాషా నమూనాని ఇదే డేటా మీద మంచి స్కోర్లకి తీసుకెళ్ళింది, ఇంకో అర శాతం పెంచితే ఎవరికి లాభం? పైగా ఒకే వాక్యంలో ఫంక్షనల్, క్వాలిటీ రెండు అంశాలూ ఉండొచ్చని 2019లో అదే డేటాకి మళ్ళీ లేబుళ్ళు వేసి చూపించారు. అంటే మనం పోటీపడుతున్న జవాబుపత్రమే వివాదంలో ఉంది.

పని తప్పకుండా ఇటే ఉండాలనుకుంటే, 2017లో వచ్చిన ప్యూర్ డేటాసెట్ చూడండి, బయట దొరికే 79 రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్లు పోగుచేశారు. లేదా ప్రామిస్ మీద నేర్పిన మోడల్ పూర్తిగా వేరే రంగం డాక్యుమెంట్ మీద ఎంత పడిపోతుందో, ఎందుకు పడిపోతుందో తవ్వండి. ఆ "ఎందుకు" దగ్గరే అసలు సరుకు ఉంది.

ఇప్పుడు ఊపులో ఉన్న టాపిక్స్ ఏవి?

మెషీన్ లెర్నింగ్ వ్యవస్థలకి రిక్వైర్‌మెంట్స్ ఎలా రాయాలన్నది బాగా నడుస్తోంది. మామూలు సాఫ్ట్‌వేర్‌లో "ఇలా ఉంటే అలా చేయాలి" అని రాస్తాం, ఇక్కడ ప్రవర్తన డేటా నుంచి వస్తుంది కాబట్టి డేటా ఎలా ఉండాలన్నదే రిక్వైర్‌మెంట్ అయిపోతుంది. దాని పక్కనే వివరణీయత ఉంది: లోను ఎందుకు రాలేదో యాప్ చెప్పగలగాలి అన్నదాన్ని 2019 నుంచీ ఒక క్వాలిటీ రిక్వైర్‌మెంట్‌గా చూస్తున్నారు. చట్టాల నుంచి రిక్వైర్‌మెంట్స్ తీయడం ఇంకోటి, యూరప్ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, మనకి 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఉంది. ప్లే స్టోర్ రివ్యూల నుంచి అవసరాలు ఏరడం ఇంకా సాగుతోంది గానీ, ఆ దారి చాలా రద్దీ.

తెలుగులో చెప్పిన రిక్వైర్‌మెంట్స్ మీద పని చేయొచ్చా, బయట ఒప్పుకుంటారా?

తప్పకుండా చేయొచ్చు, నన్నడిగితే చేయాల్సింది అదే. ఈ రంగంలో భాష మీద జరిగిన పని చాలావరకు ఇంగ్లిష్ వాక్యాల మీదే జరిగింది. ఇక్కడ జరిగేది వేరు: గ్రామ సచివాలయంలోనో ధాన్యం కొనుగోలు కేంద్రంలోనో మనిషి తెలుగులో చెప్తాడు, ఎవరో దాన్ని ఇంగ్లిష్‌లో రాసి పంపుతారు, డెవలపర్ ఆ ఇంగ్లిష్ చదివి కడతాడు. మధ్యలో ఏం పోయిందో చూసేవాళ్ళు లేరు.

ఉదాహరణకి ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఒకాయన "సంచులు అందాక టోకెన్ ఇవ్వాలి" అన్నాడనుకోండి. ఎవరికి అందాక? రైతుకి ఖాళీ గోనె సంచులు అందాకా, కేంద్రానికి నిండిన బస్తాలు అందాకా? టోకెన్ ఎవరివ్వాలి? మాట్లాడుకునేటప్పుడు ఆ ఇద్దరికీ తెలుసు కాబట్టి కర్త చెప్పక్కర్లేదు, తెలుగులో అది మామూలే. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి ఆ రెండు అర్థాలూ రెండు వేర్వేరు ప్రోగ్రాములు. మొదటి అర్థంలో టోకెన్ చూపించి రైతు ధాన్యం నింపుకొస్తాడు, రెండో అర్థంలో టోకెన్ లేకుండానే బస్తాలు తెచ్చి లైన్లో నిలబడాలి.

2009లో రోల్స్ రాయిస్ ఇంజినీర్లు విమాన ఇంజిన్ల కోసం ఈయర్స్ అనే వాక్యాల చట్రం తెచ్చారు: ఫలానాది జరిగినప్పుడు, ఫలానా సిస్టమ్, ఫలానాది చేయాలి. చిన్న చట్రమే, చాలా కంపెనీలు వాడుతున్నాయి. తెలుగుకి అలాంటిది తయారుచేసి, కర్తని తప్పనిసరి చేస్తే గందరగోళం ఎంత తగ్గుతుందో కొలవండి. బయట ఒప్పుకోవాలంటే ఒక్కటే షరతు, "తెలుగులో మొదటిసారి" అన్నదాన్నే గొప్పగా చూపించకూడదు. కర్త దాచే భాషలన్నిటికీ పనికొచ్చే సంగతి ఏం కనుక్కున్నారో చెప్పాలి.

మా గైడ్ గారి ఏరియా ఇది కాదు, ఏం చేయాలి?

సామాన్యంగా గైడ్ గారిది డేటా మైనింగో, ఇమేజ్ ప్రాసెసింగో అయి ఉంటుంది. మార్చేయమని అడగక్కర్లేదు, ఆయనకి తెలిసిన పద్ధతిని ఈ సమస్యకి తీసుకురండి. డేటా మైనింగ్ వాళ్ళయితే ఫిర్యాదుల నుంచి అవసరాలు ఏరడం, సెక్యూరిటీ వాళ్ళయితే భద్రతా రిక్వైర్‌మెంట్స్. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 6 ఏళ్ళు. మొదటి ఏడాది గైడ్‌ని ఒప్పించడానికే పోకూడదు కాబట్టి రెండు పేజీల ప్రతిపాదన రాసుకుని వెళ్ళి మాట్లాడండి.

## పని నడుస్తున్నప్పుడు

మన దగ్గర పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేవు, ఇండస్ట్రీ డేటా ఎక్కడ దొరుకుతుంది?

కంపెనీ అంటే సాఫ్ట్‌వేర్ కట్టేచోటు. రిక్వైర్‌మెంట్స్ పుట్టేది వాడేచోట, అది మన ఊళ్ళోనే ఉంది. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చేసే యూనిట్లో స్టాకు లెక్క రాసే గుమాస్తా, ఈ-క్రాప్‌లో రైతుల పంట వివరాలు నమోదు చేసే గ్రామ వ్యవసాయ సహాయకురాలు, సహకార బ్యాంకు కౌంటర్, ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీల దగ్గర కూర్చునే అమ్మాయి... వీళ్ళు రోజూ ఎవరో ఎక్కడో కూర్చుని రాసిన రిక్వైర్‌మెంట్స్‌తో బతుకుతున్నారు. యాప్ ఒప్పుకోని చోట పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుంటారు. ఆ నోటుపుస్తకం చూపించమని అడగండి, ఎవరూ పట్టించుకోని రిక్వైర్‌మెంట్స్ అందులో వరసగా రాసి ఉంటాయి. 2019 అక్టోబర్ 2న మొదలైన సచివాలయాలు, 2025 జనవరిలో వచ్చిన మన మిత్ర వాట్సాప్ సేవలు, ఇంత పెద్ద ఎత్తున వాడే వ్యవస్థలు చూడటానికి ఎక్కడికీ ప్రయాణం చేయక్కర్లేదు.

డెవలపర్ల వైపు కావాలంటే మీ కాలేజీ పూర్వ విద్యార్థులు విశాఖ, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటారు. కంపెనీ డాక్యుమెంట్లు అడగకండి, ఇవ్వరు. ఒక గంట మాట్లాడమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

"మీకు ఏటి కావాలి" అని అడిగితే "ఏదో ఒకటి చెయ్యండి బాబూ" అంటున్నారు, ఎలా రాబట్టాలి?

ఆ ప్రశ్నే అడగకండి. ఏం కావాలో చెప్పడానికి ఏమేం సాధ్యమో తెలియాలి, అది వాళ్ళ పని కాదు. జరిగింది అడగండి: "పోయినసారి ఈ-క్రాప్ రాయించుకున్నప్పుడు ఏం జరిగింది, మొదట్నుంచి చెప్పండి." కౌలురైతు అయితే పేరు ఎవరిది పడింది, అది మార్పించడానికి ఎక్కడెక్కడికి తిరిగారు, చివరికి ఎవరు చేసిపెట్టారు, అన్నీ వరసగా బయటికొస్తాయి. అందులోనే ఉంటాయి రిక్వైర్‌మెంట్స్, విరుద్ధ ప్రయోజనాలతో సహా.

ఇంకో సంగతి. అధికారి పక్కన నిలబడి ఉండగా ఇంటర్వ్యూ చేయొద్దు. అందరూ "బాగానే ఉందండీ" అంటారు. గుంపుగా కూర్చోబెడితే ఊళ్ళో పెద్దమనిషి మాటే అందరి మాట అవుతుంది, ఆడవాళ్ళు అసలు నోరు విప్పరు. విడిగా, వాళ్ళ వీలు చూసుకుని, వాళ్ళ యాసలోనే మాట్లాడండి. మీరు ఇక్కడివాళ్ళు కావడం ఇందులో పెద్ద బలం, బెంగళూరు నుంచి వచ్చిన టీముకి అది దొరకదు.

ఎంతమందిని ఇంటర్వ్యూ చేస్తే చాలు?

అంకె లేదు. కొత్త సంగతులు రావడం ఆగేదాకా చేయాలి, ఆగిందని ఎలా నిర్ధారించుకున్నారో పేపర్లో చెప్పాలి. ఒకే రకం మనుషులు ముప్పై మంది కంటే, పాత్రలు వేరైన పన్నెండు మంది మేలు.

బి.టెక్ పిల్లల మీద ప్రయోగం చేస్తే రివ్యూయర్లు ఒప్పుకుంటారా?

ప్రశ్నని బట్టి. ఒక వాక్య చట్రం అర్థమవుతోందా లేదా అన్నది చూడటానికి ఆఖరి సంవత్సరం విద్యార్థులు సరిపోతారు. పదేళ్ళ అనుభవం ఉన్న అనలిస్ట్ ఎలా ఆలోచిస్తాడో వాళ్ళ మీద పరీక్షించి చెప్పలేం. మార్కులకి ముడిపెట్టకండి, పాల్గొనడం ఇష్టం లేనివాళ్ళని వదిలేయండి, ఆ మాట పేపర్లో రాయండి.

ఇంట్రడక్షన్‌లో "డెబ్బై శాతం ప్రాజెక్టులు రిక్వైర్‌మెంట్స్ తప్పుల వల్లే ఫెయిలవుతాయి" అని రాయొచ్చా?

రాయొద్దు, దయచేసి. ఇలాంటి అంకెల్లో చాలా వాటిని వెతుక్కుంటూ పోతే స్టాండిష్ గ్రూప్ అనే సంస్థ 1994 నివేదిక దగ్గర తేలతాం. ఆ అంకెల పద్ధతి మీద 2010లో ఎవెలీన్స్, వెర్‌హూఫ్ గట్టి విమర్శ రాశారు, స్టాండిష్ వాళ్ళు ముడి డేటా బయటివాళ్ళకి ఇవ్వలేదు. "రిక్వైర్‌మెంట్స్ దశలో తప్పు దిద్దడానికి ఒక రూపాయి, తర్వాత వంద రూపాయలు" అన్నది కూడా అంతే. బ్యారీ బెయిమ్ అనే సాఫ్ట్‌వేర్ పరిశోధకుడి 1981 నాటి లెక్కలు ఆ కాలపు పెద్ద ప్రాజెక్టులవి, 2016లో మెంజీస్ బృందం 171 ప్రాజెక్టులు చూసి, ఆలస్యమైన కొద్దీ దిద్దడం కష్టమవుతుందన్నదానికి ఆధారం దొరకలేదని చెప్పింది.

దాని బదులు నాపైర్ సర్వేలు (రిక్వైర్‌మెంట్స్ పనిలో కంపెనీలకి ఎదురయ్యే సమస్యల మీద చేసినవి) చదవండి. రెండో విడతలో 10 దేశాల్లోని 228 కంపెనీలు పాల్గొన్నాయి, ఎక్కువమంది చెప్పిన సమస్య అసంపూర్ణంగా ఉన్న, లేదా దాగి ఉన్న రిక్వైర్‌మెంట్స్. ఈ రంగం మిగతా ప్రపంచం ముందు నమ్మకంగా నిలబడాలంటే ఇలాంటి ఆధారాలే కావాలి.

## పేపర్ రాసేటప్పుడు

డబ్బు కడితే నెలలో వేస్తామంటున్నారు, ఎక్కడికి పంపాలి?

అలాంటివాటికి పంపకండి. యూజీసీ కేర్ జాబితాని (యూజీసీ గుర్తించిన జర్నళ్ళ జాబితా) 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి ఏది మంచి జర్నలో తేల్చే బాధ్యత ఇప్పుడు మీమీద, మీ యూనివర్సిటీ మీద పడింది. రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ జర్నల్, ఎంపిరికల్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, ఇన్ఫర్మేషన్ అండ్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ, వీటిలో చందాదారుల పద్ధతిలో (డబ్బు చదివేవాళ్ళు కట్టే పద్ధతి) వేసుకుంటే మీరు పైసా కట్టక్కర్లేదు. టైము పడుతుంది, రివ్యూలు మాత్రం గట్టిగా ఉంటాయి. మొదటి పేపర్‌కి ఆర్‌ఈ, రెఫ్‌స్క్‌ల వర్క్‌షాపులు మంచివి. మన దేశంలోనే కావాలంటే 2008లో హైదరాబాద్‌లో మొదలైన ఐసెక్ కాన్ఫరెన్స్ ఉంది.

"నావెల్టీ లేదు" అని తిప్పి పంపారు, ఇప్పుడెలా?

ముందు మీ పేపర్ ఏ రకమో చూసుకోండి. వీరింగా మొదలైనవాళ్ళు 2006లో ఆర్‌ఈ పేపర్లని రకాలుగా విడదీసి, ఏ రకానికి ఏ కొలమానాలో చెప్పారు: కొత్త పరిష్కారం చెప్పేది, వాడుకలో ఉన్నదాన్ని పరీక్షించేది, అనుభవం చెప్పేది, ఇలా. మీరు రాసింది పాత పద్ధతిని కొత్తచోట పరీక్షించడమైతే, దాన్ని కొత్త పద్ధతిలా అలంకరించి పంపితే తిప్పికొట్టడం ఖాయం. ఏం చేశారో ఆ పేరుతోనే చెప్పండి. 

ఇంటర్వ్యూ డేటా బయటపెట్టాలా?

వీలైనంత వరకు పెట్టాలి. కానీ పేషెంట్ల, రైతుల మాటలు పెట్టేముందు పేర్లు, ఊర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేయండి. చిన్న ఊళ్ళో "కిడ్నీ జబ్బున్న టీచర్" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. అనుమతి తెలుగులో చదివి వినిపించి తీసుకోండి. ముడి డేటా పెట్టలేకపోతే ప్రశ్నావళి, కోడింగ్ పట్టిక (విన్న మాటల్ని ఏ అంశాల కింద విడదీశారో చూపేది) అయినా పెట్టండి.

## తర్వాత

ఇది చేస్తే ఉద్యోగాలు ఉంటాయా?

కాలేజీ కాకుండా అంటే బిజినెస్ అనలిస్ట్, ప్రొడక్ట్ ఓనర్ ఉద్యోగాలు నేరుగా ఇవే. రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్‌లో ఐరెబ్ సంస్థ ఇచ్చే సీపీఆర్‌ఈ సర్టిఫికెట్ ఉంది, యూరప్ క్లయింట్లతో పనిచేసే కంపెనీల్లో పనికొస్తుంది. పరిశోధన వైపు టీసీఎస్ రీసెర్చ్ లాంటివి, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి.

పదేళ్ళలో ఈ పరిశోధన ఎటు పోతుందని మీరనుకుంటున్నారు?

రిక్వైర్‌మెంట్స్ ఒకసారి రాసి మూసేసే కాగితంగా ఉండవు. వ్యవస్థ నడుస్తుండగా దాని ఊహలు ఇంకా నిజమేనా అని చూస్తూ ఉండటం పెద్ద విషయం అవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, సెల్ టవర్లు పోయాయి. పంట నష్టం రాసే ఏ యాప్ అయినా సరిగ్గా ఆ రోజులకే కావాలి, సరిగ్గా ఆ రోజుల్లోనే నెట్ ఉండదు. అలాంటి ఊహ తప్పిందని వ్యవస్థే గుర్తుపట్టి ఇంకో దారికి ఎలా మారాలి అన్నదాని మీద ఇప్పటికే పని నడుస్తోంది.

రెండోది, ఇంటర్వ్యూలో అన్న మాట నుంచి కోడ్ వరకు జాడ. గోటెల్, ఫింకెల్‌స్టీన్ 1994లోనే ఇది ఎందుకు తెగిపోతోందో రాశారు: రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో పడకముందు అది ఎవరి దగ్గర పుట్టిందో ఎవరూ దాచుకోవడం లేదని. కోడ్‌ని యంత్రాలు రాసే రోజుల్లో ఈ జాడ లేకపోతే తప్పు జరిగినప్పుడు ఎవరిని అడగాలో కూడా తెలియదు. పెద్ద కంప్యూటింగ్ వనరులు లేని కాలేజీ నుంచి కూడా ఈ పని చేయొచ్చు. ఒక సచివాలయం, ఒక సేవ తీసుకుని, కౌంటర్ దగ్గర అడిగిన మార్పు యాప్‌లోకి వచ్చేసరికి ఏమైందో ఏడాది పాటు రాసుకుంటూ పోతే చాలు, మొదటి పేపర్‌కి సరిపడా సరుకు అందులోనే దొరుకుతుంది.